మైనరు మేజరయ్యాక లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ సంగతి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దండి. మీ బావగారు 2017లో వీలునామా రాయకుండా కాలం చేశారు. మీ అక్కగారు, బావగారి తల్లిగారు అంతకుముందే పోయారు. మిగిలిన ఒకే ఒక వారసుడు మీ మేనల్లుడు, అప్పటికి పదేళ్లవాడు. గుంటూరు జిల్లా కోర్టు మిమ్మల్ని ఆ పిల్లవాడి ఆస్తికి గార్డియన్‌గా నియమించి, 2018లో మీ బావగారి ఆస్తి నిర్వహణకు మీ పేర లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (నిర్వహణాధికార పత్రం) ఇచ్చింది. ఇప్పుడు అతనికి పద్దెనిమిదేళ్లు నిండాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ల కోసం మీరు బ్యాంకుకు వెళితే మేనేజరు ఆ పత్రంలో ‘మైనరు మేజరు అయ్యేవరకు’ అన్న వాక్యం కింద పెన్నుతో గీత గీసి, దీన్ని రెన్యువల్ చేయించుకుని రండి అన్నారు. డిపాజిట్లు కాక ఇంకా కొన్ని షేర్లు, అద్దెకు ఇచ్చిన ఇల్లు, సరిహద్దు తగాదాలో ఉన్న ఒక స్థలం, హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు మిగిలి ఉన్నాయి. రెన్యువల్‌కు ఏ దరఖాస్తు పెట్టాలన్నది మీ ప్రశ్న.

ముప్పై ఏళ్లుగా జిల్లా కోర్టుల్లో సివిల్ పక్షాన పనిచేస్తున్నవాడిగా మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. మేనేజరు గారు పత్రాన్ని సరిగ్గానే చదివారు, కానీ చెప్పిన మందు సరైనది కాదు. భారత వారసత్వ చట్టం, 1925లో ఇలాంటి పత్రానికి రెన్యువల్ అనేదే లేదు. డ్రైవింగ్ లైసెన్సులాగా గడువు తీరాక రుసుము కట్టి తేదీ మార్పించుకునే పత్రం కాదిది. మీకు అధికారం వచ్చింది ఆ చట్టంలోని 246వ సెక్షన్ కింద. ఆస్తికంతటికీ ఏకైక హక్కుదారు మైనరు అయినప్పుడు, అతని మేలు కోసం, అతను మేజరు అయ్యేవరకు మాత్రమే వేరొకరికి నిర్వహణాధికారం ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఈ హద్దు పెట్టింది చట్టమే కనుక, దాన్ని పొడిగించమని జడ్జిగారిని అడగడానికి చోటు లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన రోజునే మీ అధికారం దానంతట అదే ముగిసింది. దానికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కరలేదు.

కోర్టు గార్డియన్‌ను నియమించిన పిల్లలకు ఇరవై ఒక్కటి నిండితేనే మేజరు అని ఇప్పటికీ కొందరు గుమస్తాలు, అప్పుడప్పుడు వకీళ్లు కూడా చెబుతుంటారు. 1875 నాటి మెజారిటీ చట్టంలో అలా ఉన్న మాట నిజమే. 1999లో దాన్ని సవరించి అందరికీ పద్దెనిమిదిగా చేశారు. ఇంకా మూడేళ్లు ఉన్నాయన్న భరోసాతో ఎవరైనా మిమ్మల్ని కూర్చోబెడితే నమ్మవద్దు.

గడువు తీరినా ఆస్తిలో ఇంకా పంపకం కాని, వసూలు కాని భాగం మిగిలి ఉంటే ఏం చేయాలో 260వ సెక్షన్ చెబుతుంది. పరిమిత కాలానికి ఇచ్చిన అధికారం కాలం గడిచిపోయినందువల్లనో, అది ఏ సంఘటన వరకు ఉండాలని పెట్టారో ఆ సంఘటన జరిగినందువల్లనో ముగిసిపోయి, నిర్వహణ పూర్తికాని ఆస్తి ఉన్నట్లయితే, మొదట్లో ఎవరికి ఇవ్వదగి ఉండేదో వారికే కొత్తగా లెటర్స్ ఇవ్వాలి. ఇందులో అసలైన మాట ‘మొదట్లో ఎవరికి ఇవ్వదగి ఉండేదో వారికి’ అన్నది. మీ బావగారు చనిపోయిన నాడు వారసుడు మేజరై ఉంటే కోర్టు ఎవరికి ఇచ్చేది? మీ మేనల్లుడికే. వీలునామా లేని హిందువు ఆస్తికి, వారసత్వంగా భాగం రావలసినవారికి లెటర్స్ ఇవ్వవచ్చని 218వ సెక్షన్ అంటుంది. మేనమామగా మీకు ఆ ఆస్తిలో భాగం లేదు. మొదటిసారి మీకు అధికారం వచ్చింది గార్డియన్ హోదాలో. ఆ హోదా కూడా ఇప్పుడు లేదు. కనుక దరఖాస్తు పెట్టవలసింది మీరు కాదు, మీ మేనల్లుడు. ఎనిమిదేళ్లు కష్టపడి చూసుకున్నవారికి ఈ మాట చివుక్కుమనిపించవచ్చు. కానీ మీరు ఆ బాధ్యత ఎత్తుకున్నదే ఈ రోజు కోసం.

అందరూ రెన్యువల్ అనే ఒకే మాటతో వేర్వేరు పనులను పిలవడం వల్లనే ఈ చిక్కు వస్తున్నది. తాజా తేదీతో సర్టిఫైడ్ కాపీ తీసుకోవడం ఒక పని. అమెరికాలో ఉన్న మన బంధువులు రెన్యువల్ అని చెప్పేది చాలావరకు ఇదే. అక్కడి బ్యాంకులు, షేర్ల సంస్థలు సాధారణంగా ఈమధ్యే, తరచుగా 60 రోజుల లోపల, కోర్టు క్లర్కు ధ్రువీకరించిన కాపీ అడుగుతాయి. అధికారం బతికి ఉన్నప్పుడే ఆ కాపీకి విలువ. మీ పత్రానికి ఈ రోజు కొత్త కాపీ తీసినా అందులోనూ అదే వాక్యం ఉంటుంది. ఆస్తుల జాబితాకు, లెక్కలకు గడువు పొడిగించుకోవడం ఇంకో పని, దాని గురించి కింద చెబుతాను. నిర్వాహకుడు మధ్యలో చనిపోతే మరొకరిని నియమించుకోవడం వేరే సంగతి. అప్పుడు అతని కొడుకో భార్యో ఆ స్థానంలోకి రారు, ఎందుకంటే ఈ పదవికి వారసత్వం లేదు. మిగిలిన ఆస్తికి కోర్టు నుంచి మళ్లీ కొత్త లెటర్స్ కావలసిందే. ఇద్దరికి కలిపి ఇచ్చి ఉంటే మాత్రం, పత్రంలో వేరుగా చెప్పనంతవరకు, బతికి ఉన్నవారికే అధికారాలన్నీ ఉంటాయని 312వ సెక్షన్ చెబుతుంది.

ఇప్పుడు మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన విషయానికి వస్తాను. పిల్లవాడు మేజరైన రోజుకూ, కొత్త పత్రం చేతికి వచ్చే రోజుకూ మధ్య నెలల కాలం ఉంటుంది. ఈ మధ్యకాలంలో ‘అడ్మినిస్ట్రేటర్’ అని రాసి ఎక్కడా సంతకం చేయకండి. అధికారం లేకుండా చనిపోయినవారి ఆస్తిలో చేయి పెట్టినవారు తమ తప్పు వల్లనే తాము నిర్వాహకులై, ఆ మేరకు జవాబుదారీ అవుతారని 303, 304 సెక్షన్లు చెబుతాయి. అయితే ఆస్తిని కాపాడటానికి చేసే పనులు దాని కిందకు రావు. ఇంటి పన్ను కట్టడం, కారుతున్న పైకప్పుకు మరమ్మతు చేయించడం, స్థలం చుట్టూ కంచె పడిపోతే నిలబెట్టడం నిస్సంకోచంగా చేయవచ్చు, రసీదులు మాత్రం దాచండి. కొత్తగా అద్దెకు ఇవ్వడం, డిపాజిట్ మార్చడం, రాజీ కుదుర్చుకోవడం, అమ్మకానికి బయానా తీసుకోవడం మాత్రం చేయకూడదు. అద్దె ఈ నెల నుంచే మీ మేనల్లుడి ఖాతాలోకి నేరుగా వెళ్లేలా కిరాయిదారుకు అతని చేతనే ఉత్తరం రాయించండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన తమ్ముడి కూతురి ఆస్తిని ఇలాగే చూసుకున్నారు. అమ్మాయి మేజరయ్యాక కూడా రెండేళ్లపాటు గోదాము అద్దెలు వసూలు చేసి, ప్రతి రూపాయీ ఆమె పేర జమ చేశారు. ఒక్క పైసా తినలేదని నాకు తెలుసు. కానీ ఆ రెండేళ్ల రసీదుల మీద పాత పద్ధతిలోనే ‘అడ్మినిస్ట్రేటర్’ అని ముద్ర వేశారు. అమ్మాయి పెళ్లయ్యాక అత్తవారి వైపు నుంచి ఆ రసీదులే కోర్టుకు వచ్చాయి. ఏ అధికారంతో వసూలు చేశారన్న ఒక్క ప్రశ్నకు బోనులో నిలబడి జవాబు చెప్పలేక ఆయన తల దించుకోవడం నేను చూశాను. లెక్క చివరికి తేలింది కానీ అన్నదమ్ముల ఇళ్ల మధ్య రాకపోకలు మళ్లీ మొదలు కాలేదు.

లెక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పత్రం ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లో ఆస్తుల పూర్తి జాబితా, ఏడాదిలో జమాఖర్చుల లెక్క కోర్టుకు సమర్పించాలని 317వ సెక్షన్ నియమం. మీ పత్రంలోనూ ఆ మాట రాసి ఉంటుంది, తీసి చూడండి. కోర్టు ఈ గడువును ఎప్పటికప్పుడు పొడిగించవచ్చు. మీరు జాబితా వేశాను, లెక్కలు వేయలేదు అన్నారు. పాత ఓ.పి.లోనే (అసలు పిటిషన్‌లోనే) ఒక ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) పెట్టి, ఆలస్యానికి కారణం చెప్పి, 2018 నుంచి మేనల్లుడు మేజరైన రోజు వరకు లెక్క దాఖలు చేయండి. అధికారం ముగిసినంత మాత్రాన లెక్క చెప్పే బాధ్యత ముగియదు. మీ బాండు మీద సంతకం చేసిన జామీనుదారుల మెడ మీద కూడా ఆ బరువు అలాగే ఉంటుంది. సరైన కారణం లేకుండా, బుద్ధిపూర్వకంగా లెక్క వేయకపోవడం లెటర్స్ రద్దు చేయడానికి 263వ సెక్షన్ చెప్పిన కారణాల్లో ఒకటి. మీ పత్రం ఇప్పటికే ముగిసింది కనుక రద్దు భయం లేకపోవచ్చు, కానీ రేపు మీ మీద ఎవరైనా వేలెత్తి చూపితే మొదట కనబడేది ఈ ఖాళీయే. దాంతోపాటు గార్డియన్ ఓ.పి.లోనూ, గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890లోని 41వ సెక్షన్ కింద, ఆస్తినీ లెక్కలనూ అప్పగించినట్టు చూపి డిశ్చార్జి ఉత్తర్వు, అంటే బాధ్యత నుంచి విడుదల చేసే ఉత్తర్వు, తీసుకోండి. అప్పగింత కాగితం మీద మేనల్లుడు ప్రతి పేజీలోనూ సంతకం పెట్టాలి; ఊళ్లో అందరూ గౌరవించే ఇద్దరు పెద్దలు సాక్షులుగా ఉంటే మంచిది.

ఇక కొత్త పిటిషన్ అసలు అవసరమా అన్నది ఆలోచించాలి. చాలామంది దీన్ని దాటవేస్తారు. వీలునామా లేకుండా చనిపోయిన హిందువు వారసులు తమ హక్కును కోర్టులో నిరూపించుకోవడానికి లెటర్స్ తప్పనిసరి కాదు. 212వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఆ మినహాయింపు ఇస్తుంది. ముస్లింలకు, భారతీయ క్రైస్తవులకు కూడా అదే వర్తిస్తుంది. మీకు లెటర్స్ కావలసి వచ్చింది పిల్లవాడు మైనరు కావడం వల్ల, వసూళ్లు, దావా ఒకే చేతి మీదుగా నడవాలి కనుక. ఇప్పుడతను స్వయంగా సంతకం పెట్టగలడు. అద్దె ఇంటికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, పాత దస్తావేజులతో మున్సిపాలిటీలో పేరు మార్పించుకోవచ్చు. సరిహద్దు దావా మీ పేర నడుస్తున్నది కనుక అందులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 22వ ఆర్డర్ 10వ రూలు కింద అతన్ని వాదిగా చేర్చమని దరఖాస్తు పెట్టించండి. తర్వాతి వాయిదాకు ముందే పెట్టించడం మంచిది; లేకపోతే మీరు వాదిగా కొనసాగే అర్హత లేదని ఎదుటి పక్షం వారే మొదట లేవనెత్తుతారు.

డిపాజిట్లు, షేర్లు మాత్రం అంత తేలికగా కదలవు. చనిపోయినవారికి రావలసిన బాకీ మీద వారసుడికి కోర్టు డిక్రీ ఇవ్వాలంటే 214వ సెక్షన్ ప్రకారం లెటర్సో, సక్సెషన్ సర్టిఫికెట్టో (బాకీలు, షేర్ల వంటివి వసూలు చేసుకోవడానికి కోర్టు ఇచ్చే పత్రం) చూపాలి. పెద్ద మొత్తాలకు బ్యాంకులూ సాధారణంగా ఆ పత్రాలే అడుగుతాయి. మీ మేనల్లుడి విషయంలో డబ్బు రూపంలో ఉన్నవి ఈ రెండే కనుక, సక్సెషన్ సర్టిఫికెట్ దగ్గరి దారి అని నా అభిప్రాయం. ఇక్కడ ఒక మెలిక ఉంది. అదే వ్యక్తి ఆస్తికి ముందే ఇచ్చిన లెటర్స్ అమలులో ఉంటే, తర్వాత తీసుకున్న సక్సెషన్ సర్టిఫికెట్ చెల్లదని 385వ సెక్షన్ చెబుతుంది. మీ లెటర్స్ ఇప్పుడు అమలులో లేవు కనుక అడ్డు లేదు. కానీ ఆ సంగతి పిటిషన్‌లో దాచకుండా, పాత ఓ.పి. నంబరు, పత్రం తేదీ, అది ఏ రోజున ఎందువల్ల ముగిసిందో స్పష్టంగా రాయాలి, రుజువుగా పదో తరగతి మార్కుల మెమో జత చేయాలి. చెప్పకుండా వదిలేసి తర్వాత బయటపడితే, నిజాయితీగా చేసిన పని కూడా దాపరికంలా కనిపిస్తుంది. తర్వాత ఎప్పుడైనా జాబితాలో రాయని డిపాజిట్ ఒకటి బయటపడితే, అదే సర్టిఫికెట్‌ను దానికీ విస్తరించమని 376వ సెక్షన్ కింద అడగవచ్చు.

హైదరాబాద్ ఫ్లాటు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. జిల్లా జడ్జి ఇచ్చిన లెటర్స్ ఆ రాష్ట్రంలోని ఆస్తి మీదే పనిచేస్తాయి. ఇతర రాష్ట్రాల్లో కూడా చెల్లాలంటే అక్కడి ఆస్తి విలువ పదివేల రూపాయలు దాటదని జడ్జి ధ్రువీకరించి ఉండాలని 273వ సెక్షన్ అంటుంది. పదివేలకు ఈ రోజుల్లో ఫ్లాటు తలుపు కూడా రాదు. 2014 జూన్ 2 తర్వాత గుంటూరు, హైదరాబాద్ వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి. అంటే 2018లో మీకు వచ్చిన పత్రం ఆ ఫ్లాటుకు మొదటినుంచీ వర్తించలేదు. దాని మీద మీరు చేసిన అద్దె ఒప్పందాలు ఉంటే వాటిని మేనల్లుడి చేత తిరగరాయించండి. హైకోర్టు ఇచ్చే లెటర్స్‌కు మాత్రం ఆ హద్దు లేదు. 300వ సెక్షన్ ప్రకారం హైకోర్టుకు కూడా జిల్లా జడ్జితో సమానంగా ఈ అధికారం ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద ఆస్తులున్న కుటుంబాలు ఈ సంగతి మొదటే ఆలోచించుకోవాలి.

మీ ఉత్తరం చివరి పేరాలో రాసిన విషయం నన్ను కాస్త కలవరపెట్టింది. స్థలంలో కొంత భాగం అమ్మడానికి కోర్టు అనుమతి తీసుకుని, అగ్రిమెంట్ రాసి, రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడు చేయబోతున్నామన్నారు. 307వ సెక్షన్ ప్రకారం నిర్వాహకుడు కోర్టు ముందస్తు అనుమతి లేకుండా స్థిరాస్తిని అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, అయిదేళ్లకు మించి లీజుకు ఇవ్వకూడదు. మీరు ఆ అనుమతి తీసుకోవడం మంచి పనే. కానీ అది నిర్వాహకుడిగా ఉన్న మీకు ఇచ్చిన అనుమతి. ఆ హోదా పోయాక దాని ఆధారంగా మీరు సేల్ డీడ్ మీద సంతకం పెడితే కొన్నవారి టైటిల్‌కే ముప్పు. అధికారం ఉన్న రోజుల్లో, అనుమతి మేరకు మీరు రాసిన అగ్రిమెంట్‌కు మాత్రం విలువ పోదు. దాన్ని ప్రస్తావిస్తూ మీ మేనల్లుడే యజమానిగా డీడ్ రాసివ్వాలి, మిగతా సొమ్ము అతని ఖాతాకే చేరాలి. మీరు కావాలంటే సాక్షిగా సంతకం పెట్టండి. కొనేవారి వకీలు తొందరపెట్టినా ఈ క్రమం మార్చకండి.

మేనల్లుడు చదువుకు విదేశం వెళ్లబోతున్నాడు, అన్నీ మామయ్యే చూసుకోవాలంటున్నాడు అని కూడా రాశారు. అతనిలా కోరుకుంటే దానికీ చట్టంలో దారి ఉంది. హక్కుదారు రాష్ట్రంలో లేనప్పుడు, సమాన హక్కు ఉన్న వేరొకరు ముందుకు రానప్పుడు, అతని ఏజెంటుకు లేదా అటార్నీకి లెటర్స్ ఇవ్వవచ్చని 243వ సెక్షన్ చెబుతుంది. అమెరికాయే కానక్కరలేదు, చెన్నైలో ఉన్నా సరిపోతుంది. ఈ అధికారం అతను తన పేర లెటర్స్ తీసుకునేవరకే ఉంటుంది. ఇది పాత అధికారం పొడిగింపు కాదు. మీరు ఇప్పుడు వేసేది అతని తరఫున వేసే కొత్త పిటిషన్. 278వ సెక్షన్ అడిగిన వివరాలన్నీ, అంటే మరణించిన సమయం, స్థలం, బంధువుల పేర్లు, వారి నివాసాలు, మీరు ఏ హక్కుతో అడుగుతున్నారు, చేతికి రాగల ఆస్తి విలువ ఎంత, ఆ కోర్టు పరిధిలో ఆస్తి ఉందా అన్నవి, మళ్లీ రాయాలి. నోటీసులు, పత్రికా ప్రకటన మళ్లీ ఉంటాయి. బాండు, జామీనుదారులు కూడా కొత్తగా కావాలి. పాతవారి బాండు కొత్త పత్రానికి పనికిరాదు. కోర్టు ఫీజు లెక్కవేసేటప్పుడు 2018లో కట్టిన మొత్తం రసీదు మీ వకీలుకు తప్పక చూపించండి, ఏమైనా మినహాయింపు దొరుకుతుందేమో చూస్తారు. పవర్ ఆఫ్ అటార్నీ మాత్రం మేనల్లుడు విమానం ఎక్కకముందే, ఇక్కడే రిజిస్టరు చేయించండి. వెళ్లాక అక్కడి కాన్సులేటులో చేయించి పంపడం సాధ్యమే కానీ వారాలు పడుతుంది, మళ్లీ ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి.

ఆలస్యం మాత్రం చేయకండి. లెటర్స్ కోసం వేసే పిటిషన్లకు కాలపరిమితి (లిమిటేషన్) చట్టంలోని 137వ అధికరణం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. దరఖాస్తు పెట్టే హక్కు పుట్టిన నాటి నుంచి మూడేళ్లు. ఆ హక్కు ఎప్పుడు పుట్టిందన్న దాని మీద వాదనలు నడుస్తూనే ఉంటాయి కనుక, పద్దెనిమిది నిండిన తేదీనే లెక్కకు మొదలుగా పెట్టుకుని, అతను ప్రయాణమయ్యే లోపలే పిటిషన్ మీద సంతకాలు పూర్తి చేయించండి. వకీలు దగ్గరకు వెళ్లేటప్పుడు 2018 నాటి అసలు పత్రం, దానికి జత చేసిన ఆస్తుల జాబితా, అమ్మకం అనుమతి ఉత్తర్వు, దావా కాగితాలు, ఎనిమిదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒకే ఫైలులో పెట్టుకుని, మేనల్లుణ్ణి వెంట తీసుకుని వెళ్లండి. పక్కన ఊరికే కూర్చోబెట్టకుండా, ఆ కాగితాలు అతని చేతనే చదివించండి.